పనులలో సులభమేది, కష్టమేది?

లోకమునందు మనుష్యులు చేయు పనులలో మిక్కిలి సులభమైనది యేది, మిక్కిలి కష్టమైనది యేది యను ప్రశ్నను పిల్లలు పొడుపుకథవలె నడుగుదురు. పెద్దలు భోజనానంతరమున కాలక్షేపమునకై చర్చింతురు. బావి త్రవ్వుట కష్టమని యొకరు, లెక్కలు వ్రాయుట కష్టమని మరియొకరు, కావలి కాయుట సులభమని వేరొకరు చెప్పుదురు. చర్చ తాంబూలముతో ముగియును. కాని యీ ప్రశ్న వెనుక డబ్బున్నది, మర్యాద యున్నది. ఏ పని సులభమని సంఘము నిర్ణయించునో ఆ పనికి కూలి తక్కువ కట్టును. ఏ పని కష్టమని యొప్పుకొనునో దానిని చేయువానికి గౌరవమునో ధనమునో యిచ్చును; కొన్నియెడల రెండును ఇయ్యక, వానిని వాకిటి కావల నిలుచుండబెట్టును. కావున ఈ నిర్ణయము చేయుచున్నవారెవరు, ఏ కొలబద్దతో చేయుచున్నారు అని విచారించుట న్యాయాన్యాయములకు సంబంధించిన పని.

ఇట్టి విచారమునకు గ్రంథములకంటె ముందుగ నొక ప్రదేశమును ఎదుట నుంచుకొనుట మేలు. ఎల్లంతకుంట మండలము పూర్వము కరీంనగరము జిల్లాలో నుండెను. 2016 అక్టోబరు 11వ తేదీ మొదలు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. దాని కొకవైపున సిరిసిల్ల మరమగ్గములు, అక్కడివారి మాటలో సాంచాలు, రాత్రింబవళ్లు మ్రోగుచుండును. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలోను సిరిసిల్లలోను వేలకొలది యిండ్లలో స్త్రీలు బీడీలు చుట్టుదురు. ఊరూర తాటివనములున్నవి. ఏ గ్రామమున విచారించినను దుబాయికో మస్కటుకో పోయినవాడు గాని, పోయి వచ్చినవాడు గాని, పోవుటకు అప్పు చేయుచున్నవాడు గాని కనబడును. ఇన్ని విధములైన శ్రమ యింత తక్కువ దూరములో చూడదొరకుట అరుదు.

మొదట బీడీని చూతము. ఇది సులభమైన పని యని పేరుపడినది. ఎండ లేదు, వాన లేదు, బరువు లేదు. ఇంటి అరుగుమీద గూర్చుండి, ఒడిలో చాట పెట్టుకొని, పిల్లలను చూచుకొనుచు, పొరుగువారితో మాటలాడుచు చేయవచ్చును. ఈ వర్ణనలో అసత్యమేమియు లేదు. అయినను అది సత్యము గాదు. తునికాకును ముందటి రాత్రియే తడిపి గుడ్డలో చుట్టి యుంచవలెను. ఉదయమున దానిని కొలతరేకు పెట్టి కత్తెరతో ముక్క ముక్కగ కత్తిరింపవలెను. ప్రతి ముక్కలోను తంబాకు పొడి నించి, వ్రేళ్లతో చుట్టి, దారము కట్టి, కొస మడువవలెను. ఇట్లు వేయిసారులు చేసినగాని వేయి బీడీలు గావు. కూలి వేయింటి లెక్కన వచ్చును. నేర్పరియైన స్త్రీకి సయితము పగలంతయు పట్టును. వంట, నీళ్లు, పిల్లలు, పశువులు ఆ పగటిలోనివే గనుక రాత్రి దీపము క్రింద మిగిలిన లెక్క పూర్తిచేయును. మెడ, నడుము పట్టుకొనును. పొగాకు సారము చేతి చర్మమునుండియే శరీరములోనికి పోవునని వైద్యులు కనుగొనియున్నారు. సాయంకాలము టేకేదారు వద్దకు పోయినప్పుడు బీడీ సన్నమైనదనియో లావైనదనియో కొన్ని తీసివేయబడును. ఇచ్చిన ఆకు చెడ్డదైనచో లెక్కకు తక్కువైన ఆకును తన డబ్బుతో కొనవలెను.

1966లో బీడీ, చుట్ట కార్మికుల పని నియమములకై కేంద్ర చట్టము వచ్చెను. 1976లో వారి సంక్షేమ నిధికై మరియొకటి వచ్చెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన తరువాత బీడీ కార్మికురాండ్రకు పింఛను నేర్పరచిరి. ఇవి మంచివి. కాని వేయింటి ధర నిర్ణయించు సమయమున "కూర్చున్నచోటి పనియే గదా" యను మాట యొకటి యెప్పుడును గదిలో తిరుగుచుండును. ఆ మాట ననువారు ఒక్క దినమైనను వేయి చుట్టి చూచినవారు గారు. కూర్చుండుట విశ్రాంతి యని భావించువాడు తన యిష్టమువచ్చినప్పుడు కూర్చుండి, యిష్టమువచ్చినప్పుడు లేచువాడు.

ఇందుకు ఎదురుగ తాడెక్కు గౌడును నిలుపుదము. 60 అడుగుల చెట్టు; నడుమునకు ముస్తాదు, చెట్టునకును దేహమునకును చుట్టిన మోకు, మొలను కత్తి, లొట్టి. ప్రొద్దున, సాయంకాలము ఎక్కి దిగవలెను. మోకు జారి చచ్చినవారును, నడుము విరిగి మంచమున బడినవారును లేని తాలూకా తెలంగాణమున లేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర క్రొత్త సాధనములను పంచనారంభించినది. అంతవరకు తాతముత్తాతల మోకే దిక్కు. ఈ పని కష్టమని చెప్పుటకు సాక్ష్యము అక్కరలేదు. అయినను గీత వృత్తివారు తమ పనినిగూర్చి మాటలాడునప్పుడు ఆ మాటలలో ఒకవిధమైన రాజసము వినబడును. ఏ చెట్టు ఎప్పుడు గీయవలెనో, ఎంతవరకు గీయవలెనో వానికే తెలియును. వానికి పైన నిలిచి ఆజ్ఞాపించువాడు లేడు, పైన నున్నవాడు వాడే. పూర్వము నైజాము ప్రభుత్వమున కల్లు, సారాయి ఆదాయము ఖజానాకు మూలస్తంభముగ నుండి, చెట్టు పన్నులతోడను కంట్రాక్టుదారులతోడను గీతవాని నెత్తిన నితర భారములు పడినమాట నిజమే. కాని ఆ భారములు చెట్టువి గావు. మద్యమునుగూర్చి సంస్కర్తల యభిప్రాయము తెలిసినదే గనుక ఇచ్చట దానిని చర్చింపను. కల్లు మంచిదా చెడ్డదా యనునది వేరు, చెట్టెక్కువాని శ్రమ యెట్టిదనునది వేరు.

ఈ రెండు పనులను ప్రక్కప్రక్కన పెట్టినచో కండబలమును గాని ప్రాణాపాయమును గాని కష్టమునకు కొలబద్దగ నుంచుట చాలదని తోచును. ఈ సంగతిని ఋజువుపరచుటకు పాత కచేరీలలోని పంకా లాగువానికంటె మంచి ఉదాహరణము దొరకదు. విద్యుత్తు రాకపూర్వము దొరల కచేరీలలోను బంగళాలలోను పైకప్పునకు వ్రేలాడు గుడ్డ పంకాను, గోడ రంధ్రమునుండి వచ్చిన త్రాటితో వసారాలో గూర్చున్నవాడు లాగుచుండెడివాడు. ఇంతకంటె సులభమైన పనిని మనుష్యుడు కల్పింపలేడు. త్రాటిని కాలి వ్రేలికి గట్టుకొని వెల్లకిల పండుకొని లాగినవారును గలరు. అయినను వానికి నిద్రపోవుటకు వీలులేదు. వేసవి రాత్రి లోపలివాడు నిద్రించుటకై వెలుపలివాడు మేలుకొనవలెను. కునికిన తప్పునకు దొర తన్నిన తన్నులచేత ప్రాణములు పోయిన పంకావాండ్రును గలరు. అట్టి వ్యాజ్యెములలో మృతుని ప్లీహము ముందే పెరిగియున్నదని వైద్యుని సాక్ష్యముతో దొరలు స్వల్ప జరిమానాలతో బయటపడుటను నాటి దేశీయ పత్రికలు ఖండించుచుండెడివి. తాడు బరువు తులములతో తూచదగినది. ఆ పని బరువును దేనితో తూచవలెను?

ఇంగ్లాండు దేశమున 1818 ప్రాంతమున విలియం క్యూబిట్ అను ఇంజనీరు చెరసాలలకై యొక చక్రమును కల్పించెను. ఖైదీలు దాని మెట్లపై నెక్కుచుందురు. మెట్లు క్రిందికి జారుచుండును. గంటలకొలది యెక్కినను ఉన్నచోటనే యుందురు. కొన్ని చక్రములు పిండి విసరినవి; పెక్కు చక్రములు గాలిని మాత్రమే విసరినవి. మెట్లెక్కుట కొండ యాత్రికుడును చేయుచున్నాడు, వేములవాడకు కాలినడకను పోవు భక్తుడు అంతకంటె నెక్కువ నడచుచున్నాడు. చక్రము నెక్కువానికి గమ్యము లేదు, చేసినదానికి ఫలము కంటికి కనబడదు. దండన యంతయు అందే యున్నది. 1898 నాటి చెరసాలల చట్టముతో ఆ చక్రములు పోయినవి. ఫలములేని పనిని శిక్షగ కనిపెట్టినవారు మనుష్యహృదయమును బాగుగనే యెరిగినవారని యొప్పుకొనవలెను, ఎంత దుష్కార్యమునకై యెరిగినను.

ఇప్పుడు సిరిసిల్లకు మరల వత్తము. 1935లో నైజాం రాష్ట్రాంధ్ర మహాసభ నాలుగవ సమావేశము సిరిసిల్లలో జరిగెను. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. 1921లో ఆంధ్ర జనసంఘము నెలకొల్పిన నాటినుండి ఆయనయు, ఆయన మిత్రులును పట్టుకొన్న విషయములలో వెట్టిచాకిరి ముఖ్యమైనది. దొర గడీకి చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మంగలి ఒళ్లు పట్టవలెను, మాదిగ చెప్పులు కుట్టవలెను, సాలెవాడు బట్ట నేసి యీయవలెను, గౌడు కల్లు పోయవలెను; అధికారి సవారి వచ్చినచో బేగారి ముందు పరుగెత్తవలెను. కూలి లేదు, లేదా పిడికెడు గింజలు. ఇచ్చట చదువరులు గమనింపవలసినది యొకటి గలదు. చాకలి గడీలో నుతికిన బట్ట, ఊరిలో నుతికిన బట్ట వేరు గాదు. అదే రేవు, అదే బండ, అదే సవుడు. సాలె గడీకి నేసిన బట్టలోను సంతకు నేసిన బట్టలోను పోగుల లెక్క యొక్కటే. శ్రమలో వెంట్రుకవాసియైనను భేదము లేకుండ ఒకటి వృత్తి యయ్యెను, మరియొకటి వెట్టి యయ్యెను. భేదము పనిలో లేనప్పుడు మరెచ్చట నున్నది? "ఈ దినము రాను" అని చెప్పగలుగుటలో నున్నది. ఆ మాట చెప్పి బ్రతుకగలిగినవాని పని యెంత బరువైనను దానికి ఒక హద్దు గలదు. ఆ మాట చెప్పలేనివాని పనికి హద్దు లేదు. పని యెంత స్వల్పమైనను.

భాష ఈ సంగతిని మనకంటె ముందే గ్రహించినట్లున్నది. పట్టణవాసికి జీతమనగా నెల మొదట చేతికి వచ్చు సొమ్ము. తెలంగాణపు పల్లెలో జీతముండుట యనగా ఏడాదికి తన్ను తాను, లేదా తండ్రి అప్పునకై బాలుడు తన్ను, ఒక యింటికి కట్టివేసికొనుట. 1976 నాటి వెట్టి కార్మిక పద్ధతి నిర్మూలన చట్టమును తెరచినచో నిషేధింపబడిన దాస్య పద్ధతుల పట్టికలో దేశమందలి నానా భాషల పేర్ల నడుమ భగేలా, జీత, పాలేరు, వెట్టి యను మన మాటలు వరుసగ గానవచ్చును. మనము గౌరవముతో పలుకు మాట ఆ పట్టికలో నుండుట కొంచెము సిగ్గు గొలుపును. చట్టము వచ్చిన రెండేండ్లకు, 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు గొప్ప ఊరేగింపు తీసిరి. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించెను. ఆ కదలికలో నడిచిన మార్గములన్నియు మంచివని నేను చెప్పను. కాని అందు వినబడిన కోరికలలో వెట్టి మానుటయు, పాలేర్ల జీతములు పెంచుటయు నుండెను. చట్టపు కాగితము గడీ గుమ్మము దాటుటకు ఎంతకాలము పట్టినదో దానివలన తెలియును.

అర్థశాస్త్రజ్ఞులు ఈ విషయమును పట్టించుకొనకపోలేదు. ఆడం స్మిత్ 1776లో ప్రకటించిన గ్రంథమున, పని యెంత కష్టమైనదో, ఎంత మలినమైనదో, ఎంత నిందకు పాత్రమైనదో అంత యెక్కువ కూలి దానికి వచ్చునని చెప్పి, చేసిన పనితో పోల్చి చూచినచో ఉరితీయువానికి ఇతర వృత్తులకంటె మంచి ప్రతిఫలము ముట్టునని ఉదాహరణ మిచ్చెను. ఎవరును ఇష్టపడని పనికి ధర పెంచినగాని మనిషి దొరకడు గదా యని ఆయన తర్కము. తర్కము చక్కనిది. డెబ్బది రెండేండ్ల తరువాత, 1848లో, జాన్ స్టూవర్ట్ మిల్ కన్నులు తెరచి చుట్టు చూచి, సంగతి తలక్రిందుగ నున్నదని వ్రాసెను: మిక్కిలి అలసట గలిగించు, అసహ్యము పుట్టించు పనులే తరచుగ మిక్కిలి తక్కువ కూలికి జరుగుచున్నవి, ఏలయన, వానిని చేయువారు వేరు దారి లేనివారు. ఎన్నుకొను స్వాతంత్ర్యమున్నచోట స్మిత్ చెప్పినది నిజము; అది లేనిచోట మిల్ చెప్పినది నిజము. మన దేశమున కులము ఆ స్వాతంత్ర్యమును పుట్టుకతోనే తీసివేసినందున, స్మిత్ మహాశయుడు ఇచ్చట పుట్టియుండినచో ఆ ప్రకరణమును అట్లు వ్రాసియుండడు.

దీనికి కోలారు బంగారు గనులకంటె గట్టి నిదర్శనము నాకు తెలియదు. మైసూరు రాజ్యమున 1880లో జాన్ టేలర్ కంపెనీవారు చేపట్టిన ఆ గనులకు తమిళులు, తెలుగువారు గుంపులుగ పోయి కూలీలైరి. గనులు త్రవ్వగా త్రవ్వగా మూడు కిలోమీటర్ల లోతు దాటినవి. అచ్చట రాయి వేడిగ నుండును. పైనున్న భూభారముచేత గోడలు ఫిరంగివలె ప్రేలును. రాతిపొడి ఊపిరితిత్తులను గట్టిపరచును. 1902లోనే శివసముద్రమునుండి విద్యుత్తు తెప్పించిన గనులవి. ధనము బయటికి వచ్చినది, ఊపిరి లోపల మిగిలినది. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఆ గనిలో దిగుట లోకమందలి కఠినమైన పనులలో నొకటి యని యెవరైన నొప్పుకొందురు. ఆ యొప్పుకోలే గనికూలీకి కొంత మర్యాదను దెచ్చినది. కాని గని దిగకుండ, సూర్యుని వెలుతురులో, అదే పట్టణమున మరియొక పని జరుగుచుండెను. గనికూలీల పొడి మరుగుదొడ్లను చేతులతోను బక్కెట్లతోను శుభ్రపరచుట. ఆ పని చేసినవారిలో తెలుగు దళిత కుటుంబములుండెను. అట్టి కుటుంబమున 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ తన వారి యీ వృత్తి నంతమొందించుటకై తన జీవితమును వినియోగించి, సఫాయి కర్మచారీ ఆందోళనమును నడిపెను. 2016లో ఆయనకు రామన్ మెగసెసే బహుమానము వచ్చెను.

గనికూలీకి రాయి ప్రేలునను భయముండెను; పాకీపని చేయువారికి ఆ భయము లేదు. బరువు తక్కువ, లోతు లేదు, కొన్ని గంటలలో ముగియును. పైపై లెక్కతో చూచినచో ఇదియే సులభమైన పని! అయినను గనిలో దిగువాడు ఆ బక్కెట్టును ముట్టడు. దానిని మోయువానికి గనిలోని పనియైనను దొరికిన బాగుండుననిపించును. 1993లో పార్లమెంటు ఈ పనిని నిషేధించెను. ఆ చట్టము చాలక 2013లో మరియొకటి చేసెను. 1993 మొదలు మురుగు కాలువలలో చచ్చినవారి కుటుంబములకు పది లక్షల చొప్పున నీయవలెనని 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచెను. నిషిద్ధమైన పనిలో చచ్చినవారికి పరిహారపు ధర పెంచవలసి వచ్చుట యనునది ఆలోచింపదగిన విషయము.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. కష్టమంతయు కాదనలేకపోవుటలో నున్నచో, తానే కోరి కష్టమైన పనికి పోవువాని సంగతి యేమి? జగిత్యాల, సిరిసిల్ల గ్రామములనుండి గల్ఫు దేశములకు పోయినవారిని ఎవరును త్రాళ్లతో గట్టి కొనిపోలేదు. వారే ఏజెంటును వెదకిరి, వారే అప్పు చేసిరి, వారే వేలిముద్రయో సంతకమో పెట్టిరి. ఈ యాక్షేపణ బలమైనది, దానిని త్రోసివేయరాదు. నా సమాధాన మిది: లోపలికి పోవు తలుపు తెరచియుండుట ఒకటి, వెలుపలికి వచ్చు తలుపు తెరచియుండుట మరియొకటి. విమానమెక్కువరకు వాడు స్వతంత్రుడు. దిగిన తరువాత పాస్‌పోర్టు యజమాని పెట్టెలో నుండును. అకామా యజమాని పేరుమీద నుండును. ఊరిలో అప్పునకు వడ్డీ పెరుగుచుండును. యజమానిని విడిచి పోయినవానికి గల్ఫు కూలీల భాషలో కల్లివెల్లి యని పేరు. మన యూరిలో పని మానినవాడు పని మానినవాడే. అచ్చట పని మానినవాడు నేరస్థుడు. అరబ్ ఎమిరేట్సులో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడు గంటలవరకు ఎండలో పని చేయింపరాదను నియమమున్నది. అది ఎండను తగ్గించును. 2020లో ఖతర్ ప్రభుత్వము యజమాని యనుమతి పత్రము లేకయే పని మారవచ్చునని చట్టము చేసెను. ఈ రెండింటిలో రెండవది కూలీ కష్టమును ఎక్కువగ తగ్గింపగలదని నా యభిప్రాయము, అమలు జరిగినంతవరకు.

ఎల్లంతకుంట మండలములోని తిప్పాపురము వద్ద కాళేశ్వరము నీళ్లకై సొరంగము త్రవ్వుచుండగా 2017 సెప్టెంబరులో పైకప్పు కూలి ఏడుగురు కూలీలు చనిపోయిరి. వారిలో పలువురు దూర రాష్ట్రములనుండి వచ్చినవారు. ఆ మండలపు యువకులు దుబాయిలో గోడలు కట్టుచుండగా, పరదేశులు వచ్చి ఆ మండలపు భూమిలో సొరంగము త్రవ్విరి. ఎక్కడ చూచినను ఇదియే రీతి. మిక్కిలి కష్టమైన పని ఊరివానికి గాక, పొరుగూరివానికి, భాష రానివానికి, కాదన్నచో పోవుటకు చోటు తెలియనివానికి దొరకును. బర్మాదేశపు రంగూను రేవులో ఓడల సరకు మోయుట ఒకప్పుడు తెలుగు కూలీల పాలబడినది. అక్కడివారు వారిని కోరంగులనిరి. 1930 మే నెలలో తెలుగువారు కూలి పెంపునకై సమ్మె కట్టగా వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె ముగిసిన తరువాత బర్మీయులను పంపివేయగా కలహము పుట్టి, రక్తము ప్రవహించెను.

వీపు విరుగు మూటలకై రెండు జాతుల పేదలు ఒకరినొకరు చంపుకొనుట చూచినప్పుడు, పనియే లేకుండుటను కూడ మన లెక్కలో చేర్చవలెనని తెలియును. సాంచాల నడుమ పన్నెండు గంటలు నిలిచి, ఒక్కడే పలు మగ్గములను కనిపెట్టుచు, తెగిన పోగును అతుకుచు, చెవులు దిమ్మెక్కు మ్రోతలో పెదవుల కదలికచేతనే మాటలు తెలిసికొనుచు పనిచేయు సిరిసిల్ల కార్మికుని బ్రతుకు సులభమని యెవరందురు? కూలి మీటరు లెక్కన. అతనికి పైన ఆసామి, ఆసామికి పైన నూలునిచ్చు సేటు. అయినను ఆ పట్టణమునకు మిక్కిలి చెడ్డకాలము మ్రోత యాగినప్పుడే వచ్చినది. 1990 దశాబ్దపు చివరనుండి పెక్కేండ్లు, గిరాకి పడి సాంచాలు నిలిచినప్పుడు, అప్పులకు తాళలేక ప్రాణములు తీసికొన్న నేతకార్మికుల వార్తలతో ఆ పట్టణపు పేరు దేశమంతట వినబడెను. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల పని నిచ్చినప్పుడు కొంత యూపిరి వచ్చినది. 2024లో ఆ పని యాగినప్పుడు మరల మ్రోత నిలిచినది. పని చేయలేననుటకు శక్తి లేనివానికిని, పని చేసెదనన్నను దొరకనివానికిని ఉన్న భేదము చాల స్వల్పము. ఇద్దరి మాటయు ఎవరును వినరు.

ఇక సులభమైన పని యేది? పూర్వపు పట్వారీగిరియని పలువురందురు. వంశపారంపర్యముగ వచ్చును, నీడన గూర్చుండి దస్త్రము వ్రాయుట, ఊరివారు వచ్చి నిలుచుందురు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ వంశపారంపర్య పద్ధతిని రద్దు చేసినది. ఆ పని సులభమగుటకు నీడయు చాపయు కారణములు గావు. బీడీ చుట్టు స్త్రీ ఒక బీడీని చెడగొట్టినచో ఆ సాయంకాలమే అది ఆమె ఒడిలో తిరిగి పడును, కూలి తెగును. గౌడు మోకు ముడి తప్పినచో ఆ క్షణమే ఫల మనుభవించును. పట్వారీ ఒక పేరును తప్పు వ్రాసినచో ఆయనకు నిద్ర చెడలేదు. భూమి కోల్పోయినవాని మనుమడు కోర్టుల చుట్టు తిరిగెను. తప్పు ఒకరిది, నష్టము మరియొకరిది యగు పనులన్నియు ఈ జాతిలోనివే. ఉపాధ్యాయుడు పాఠము చెప్పకపోయినను నెల గడచును. వైద్యుడు రోగి చేయి పట్టి చూడకపోయినను చీటి వ్రాయవచ్చును. న్యాయాధిపతి వాయిదా వేయుటకు ఒక్క నిమిషము చాలును. ఈ పనులను చెడుగ చేయుటకంటె సులభమైనది లోకమున లేదు.

అయితే వానినే బాగుగ చేయబూనినవాడు చక్రము నెక్కు ఖైదీకంటె ఎక్కువ అలయును. ఒక తరగతిలో నలుబది మంది పిల్లలుండగా ముప్పదియారుగురికి తెలిసి నలుగురికి తెలియకుండుటను గమనించి, ఆ నలుగురికై మరల మొదటినుండి చెప్పుట ఎవరును కూలి కట్టని శ్రమ. దానిని చేయకున్నను అడుగువారు లేరు. పేదవాని శ్రమకు కొలత బయటనుండి వచ్చును: వేయి బీడీలు, ఇన్ని మీటర్లు, ఇన్ని మూటలు. చదువుకొన్నవాని శ్రమకు కొలత లోపలినుండియే రావలెను. రాకపోయినను జీతము వచ్చును. మన తరగతివారు శ్రమ గౌరవమునుగూర్చి ఉపన్యాసములిచ్చునప్పుడు తమ పనియందలి యీ సదుపాయమును లెక్కించుట కద్దు గాదు.

ఇండ్లలోని పనిని జెప్పకుండ ఈ విచారము ముగింపరాదు. అంట్లు తోముటకు, వాకిలి యూడ్చుటకు వచ్చు స్త్రీ పని మన కొలతలన్నిటిలోను సులభమైనదే; రెండు గంటలలో ముగియును. కాని ఆమె అట్టి యిండ్లు నాలుగైదు తిరుగును. చేసినది మరుసటి పూటకే చెడిపోవును; క్యూబిట్ చక్రమునకు మన వంటయిల్లు కొంత దగ్గరి చుట్టమే. యజమాని కచేరీకి పోని దినమునకు సెలవని పేరు; ఆమె రాని దినమునకు ఎగవేత యని పేరు, దానికి జీతములో కోత. నెలకు రెండు దినములు జీతము కోయక సెలవిచ్చు ఇండ్లు కొన్ని లేకపోలేదు. ఆ రెండు దినములలో ఆ యిండ్లలోని పురుషులలో ఎవరు చీపురు పట్టిరో విచారించినచో, ఈ వ్యాసము మొదట అడిగిన ప్రశ్నకు కొన్ని క్రొత్త జవాబులు దొరకును.